తెల్ల అంచు

ప్రెస్సులో నాకు పేరుతో పనిలేదు. ఓనరు "కత్తీ" అని కేకేస్తాడు. చిన్నవాళ్లు "కత్తి మామయ్యా" అంటారు. కాగితాలు కోసే మెషిను దగ్గరే నా వయసు సగానికి పైగా గడిచిపోయింది కాబట్టి ఆ పిలుపులో నాకెప్పుడూ తప్పు తోచలేదు. పైపెచ్చు కొంచెం గర్వంగా కూడా ఉండేది. అచ్చు ఎంత బాగా పడినా పుస్తకం పుస్తకంలా కనబడేది నా చేతి కింద నుంచి బయటికొచ్చాకే. వంకర కోశాడన్న మాట ఆ ఎండాకాలం దాకా నేను పడి ఎరగను.

బడులు తెరిచే ముందు ప్రెస్సులకి ఊపిరాడదు. సరిగ్గా అప్పుడే మా డీటీపీ గదిలో కంప్యూటరు మీద పేజీలు కట్టే మనిషి చెప్పాపెట్టకుండా మానేశాడు. మా అమ్మాయి ఆ పని నేర్చుకుని ఇంట్లో ఖాళీగా ఉంది. వెంటబెట్టుకుని ఓనరు దగ్గరికి తీసుకెళ్లాను.

"మా పిల్లండీ. పని నేర్చుకుంది. తప్పులేమైనా చేస్తే నేను చూసుకుంటాను" అన్నాను.

పక్కన నిలబడ్డ మా అమ్మాయి నా మొహంలోకి ఒకసారి చూసి తల తిప్పుకుంది. సిగ్గుపడుతోందనుకున్నాను.

ఓనరు సరేనన్నాడు. ఆయన బావమరిదే ప్రెస్సుకి మేనేజరు. నోరు తెరిస్తే "తొందరగా, తొందరగా" అంటాడు కాబట్టి ఆయన లేనప్పుడు అందరం ఆయన్ని తొందరగారనే అనుకునేవాళ్లం. ఆ చోటికి తనకి తెలిసినవాళ్ల పిల్లని ముందే చూసుకుని ఉన్నాడో ఏమో, ఆయనకి మా అమ్మాయి రావడం ఏమంత నచ్చలేదు.

ఇంట్లో మా ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. ఆ సీజనులో మా నట్టింట్లో నీలం గుడ్డ తప్ప నేల కనబడేది కాదు. పొద్దున్న నేనూ అమ్మాయీ చెరో డబ్బా పట్టుకుని బయల్దేరితే, "తండ్రీకూతుళ్లు ఆఫీసర్లయ్యారు, ఇక నా గుండీలు కుట్టేదెవరు" అని దెప్పేది. దెప్పుతూనే గుమ్మం దాకా వచ్చేది.

చేరిన కొన్నాళ్లకే అమ్మాయి పొరపాటు చేసింది. ఒక ట్యూషన్ సెంటరు వాళ్ల కరపత్రం. వెనకంతా ముదురు నీలం రంగు. ఆ రంగు సరిగ్గా కోత గీత దగ్గరికి వచ్చి ఆగిపోయింది. అలా ఆగకూడదు. ఎంత మంచి మెషిను మీదైనా కాగితం వెంట్రుకవాసి జరుగుతుంది, జరిగితే అంచున తెల్లగా పళ్లికిలిస్తుంది. నేను చూసుకుని, కత్తిని కాస్త లోపలికి జరిపి కోసి పారేశాను. కాగితం రవ్వంత చిన్నదైంది. ఎవరికీ తెలియలేదు.

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు మా అమ్మాయికి మెల్లిగా చెప్పాను. "మీ అమ్మ చొక్కా కత్తిరించేటప్పుడు కొలత మీదే కత్తిరిస్తుందా? కుట్టులోకి పోవడానికి చుట్టూ కాస్త గుడ్డ ఎక్కువ వదులుతుంది. ఇదీ అంతే. కోత గీత దాటి రంగు బయటికి పోవాలి. పోయిందాన్ని నేను కోసేస్తాను. దాన్నే బ్లీడ్ అంటారు. అది లేకపోతే నా కత్తికి దిక్కులేదు."

ఆమె మొహం ఎర్రబడింది. "మా మేడమ్ చెప్పారు నాన్నా. తెలుసు. మొదటి పని కదా, కంగారులో మర్చిపోయాను. మరేం చేశావు?"

"ఏముంది, సర్దేశాను."

"కోసేముందు నాకు చెప్పాల్సింది. గబగబా మార్చి ఇచ్చేదాన్ని."

"అప్పుడు అందరికీ తెలిసేది."

"తెలిస్తే ఏం? ఇంకోసారి ఇలాంటిది కనబడితే ముందు నాకు చెప్పు."

సరేలెమ్మన్నాను. పిల్లలకి ఎన్నిటికి సరేలెమ్మనమూ!

ఆ తర్వాత ఆమె పనిలో నాకు తప్పు కనబడలేదు. నిజం చెప్పాలంటే కనబడుతుందేమోనని ప్రతిసారీ వెతికేవాణ్ణి. కట్ట నా బల్ల మీదికి రాగానే ముందు అంచులే చూసేవాణ్ణి. బాగుంటే, "హమ్మయ్య" అనుకునేవాణ్ణి గానీ, "బాగా చేసింది" అనుకోవడం నాకు తోచలేదు.

ఎండలు ముదిరాక ఒక పెద్ద టీచరుగారు వచ్చారు. చిన్నపిల్లల బడి ఆమెది. ఒక్కో పిల్లాడూ, పిల్లా తమ ఇంటి కిటికీలోంచి కనబడేది బొమ్మ వేసి, కింద ఎవరి పేరు వాళ్లే రాసుకున్నారట. గాలిపటం, ఎదురింటి మేడమీద ఆరేసిన దుప్పట్లు, సైకిలు బాగుచేసే తాత, ఉత్త గోడ. అదంతా పుస్తకం చేసి, బడి తెరిచిన రోజున పిల్లలందరి చేతుల్లో పెట్టాలని ఆమె ఆశ. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె కుర్చీలో సరిగ్గా కూర్చోలేకపోయారు. పిల్లల కన్నా ఆమెకే ఆత్రంగా ఉన్నట్టుంది.

ఆ పుస్తకం మా అమ్మాయి చేతికి వెళ్లింది. ఒకరోజు డీటీపీ గది అద్దంలోంచి చూస్తే ఆమె, తొందరగారు ఏదో వాదించుకుంటున్నారు. మాటలు వినబడలేదు. ఆయన చెయ్యి విదిలించి బయటికొచ్చేశాడు. కాసేపటికి మా అమ్మాయి లేచి ఓనరు గదిలోకి వెళ్లింది. చాలాసేపటి తర్వాత తల వంచుకుని బయటికొచ్చింది. చీవాట్లు తిందనుకున్నాను. నేను తెచ్చి పెట్టిన పిల్ల. అడిగితే ఏడుస్తుందేమోనని అడగలేదు.

పుస్తకం నా బల్ల మీదికి రావడానికి ముందురోజు సాయంత్రం అన్నాల దగ్గర ఆ మాట ఆమే ఎత్తింది. "నాన్నా, పిల్లల పుస్తకం రేపు నీ దగ్గరికొస్తుంది. కొయ్యబోయే ముందు ఒకసారి..."

"ఏమే, విన్నావా?" అన్నాను మా ఆవిడతో. "కొయ్యడం నాకు నేర్పుతోంది నీ కూతురు."

"గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందట" అని మా ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. అమ్మాయి కూడా నవ్వింది, కాకపోతే ఒక్క క్షణం ఆలస్యంగా.

"అది కాదు నాన్నా... సరేలే, మేనేజరుగారితో చెప్పాను, ఆయన చెప్తారు" అని కంచంలోకి చూసుకుంది.

మర్నాడు ఆమె ఇంకో బడికి ప్రూఫులు చూపించడానికి ఇంటి నుంచే అటు వెళ్లింది. నేను వేళకి ముందే ప్రెస్సుకి చేరుకున్నాను. వాచ్‌మన్ తలుపు తీశాడు. ఇంకెవరూ రాలేదు. మడిచి, పిన్నులు కొట్టిన పుస్తకాలు నా మెషిను పక్కన దొంతరలుగా పేర్చి ఉన్నాయి. కోత ఒక్కటే మిగిలింది. పైదొకటి తీసి తిప్పాను.

ప్రతి బొమ్మ చుట్టూ తెల్ల గీత. మరీ వెడల్పు కాదు, అలాగని పట్టించుకోకుండా వదిలేసేంత సన్నమూ కాదు. కోత గుర్తుల ప్రకారం కోస్తే అది అలాగే మిగిలిపోతుంది. రంగు గుర్తు దాకా కూడా రాలేదు.

మళ్లీ చేసింది, అనుకున్నాను. తొందరగారితో వాదన, ఓనరు గదిలోంచి తల వంచుకుని రావడం, అన్నీ కళ్లముందు తిరిగాయి. ఈసారి ఇది బయటపడితే పిల్లని ఉంచరు. నలుగురిలో అనే మాటలు కూడా వినబడ్డాయి నాకు. కత్తిగారి కూతురికి బ్లీడ్ అంటే ఏమిటో తెలీదట!

గేజీ తిప్పి కత్తి పడే చోటు లోపలికి జరిపాను. కింద పేర్లున్న సంగతి చూశాను. చూడకపోలేదు. మొదటి పుస్తకం కోసి, మొదటి పేజీ తిప్పి చూశాను. గాలిపటం వేసిన పిల్ల పేరు కింద ఇంకా కాస్త చోటు మిగిలింది. చాలనుకున్నాను. ఆ పిల్ల మిగతావాళ్ల కన్నా కొంచెం పైకి రాసిందని నాకేం తెలుసు? రెండో పేజీ తిప్పితే తెలిసేది. తిప్పలేదు. మనుషులు వచ్చేలోగా అయిపోవాలి.

దొంతర వెనక దొంతర పెట్టి మొత్తం కోసేశాను. కిందపడ్డ తెల్ల పీలికలన్నీ నేనే ఊడ్చి గోనెసంచిలో కుక్కేశాను. అప్పుడొక పుస్తకం చేతిలోకి తీసుకుని అట్ట చూశాను. రంగు అంచుదాకా నిండుగా ఉంది. నా కూతురి పరువు నా చేతుల్లో పెట్టుకుని నిలబడ్డట్టు ఎంత ముచ్చటేసిందో!

పెద్ద టీచరుగారు ఎండెక్కాక వచ్చారు. అదే వేళకి మా అమ్మాయి కూడా ఎండలో నడిచొచ్చి, నుదురు తుడుచుకుంటూ లోపలికొచ్చింది. ఓనరు స్వయంగా పుస్తకం తీసి టీచరుగారి చేతిలో పెట్టాడు. ఆమె కళ్లజోడు సర్దుకుని ఒక్కో పేజీ తిప్పారు. మూడో నాలుగో పేజీ దగ్గర ఆమె వేలు ఆగింది. వెనక్కి తిప్పారు. మళ్లీ ముందుకి తిప్పారు.

"ఈ పేరు కొంచెం చదివి పెడతారా?" అని ఓనరుకి అందించారు.

ఆయన చూశాడు. చదవలేకపోయాడు. అక్షరాల నడుము దాకే ఉంది పేరు. కింద ఒత్తుల్లేవు, కొమ్ముల చివర్లు లేవు. ఒక పిల్లవాడి పేరు ఇంకో పేరైపోయింది. ఇంకొకళ్లది అసలు పేరే కాకుండా పోయింది.

"వీళ్లకి ఒత్తులు నేర్పడానికి నాకు ఏడాది పట్టిందండీ" అన్నారు టీచరుగారు. కోప్పడలేదు. ఎవరో పోయినట్టు మెల్లిగా అన్నారు.

తొందరగారు అందుకున్నాడు. "ఫైలు చూడాలండీ. డీటీపీలో కొత్త పిల్ల. నేను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను..."

"కత్తి జారిందండీ" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఫైలు సంగతి కాదు. గేజీ సరిగ్గా బిగించలేదు. తప్పు నాదే."

మా అమ్మాయి బల్ల మీంచి ఒక పుస్తకం తీసి తెరిచింది. దాని పక్కన ఇంకొకటి, ఇంకొకటి. అన్నీ ఒకే చోట, ఒకే తీరుగా తెగి ఉన్నాయి. జారిన కత్తి అలా కొయ్యదు. ఆమె తలెత్తి నన్ను చూసింది. నేను గోనెసంచి వైపు చూశాను.

ఆ మధ్యాహ్నం నీళ్లు తాగడానికి వెళ్తే కాగితం కట్టల అవతల బైండింగు ఆడవాళ్ల మాటలు చెవినపడ్డాయి.

"కత్తి జారడమేంటే, అదీ ఆయన చేతిలో! అన్నిట్లో ఒకేలా జారిందా?"

"పిల్ల తప్పు నెత్తినేసుకున్నాడు. తండ్రి కదా."

"తండ్రంటే అట్లా ఉండాలి. పిల్లకే పాపం, పని రాలేదు."

చెప్పుకోవడానికి నోరు రావడం లేదు గానీ, ఆ మాటలు విని నాకు లోపల చల్లగా అనిపించింది. చివరి మాట చెవిన పడ్డా మనసుకెక్కలేదు. తండ్రంటే అట్లా ఉండాలి అన్నదాన్నే చప్పరించుకుంటూ సాయంత్రం దాకా పనిచేశాను.

ఇంటికి ఎవరి దారిన వాళ్లం వచ్చాం. మా ఆవిడ మెషిను మీద ఉంది. అమ్మాయి చెప్పులు విడిచి, సంచీలోంచి ఒక పుస్తకం తీసి నా ముందు నేలమీద పెట్టింది. కొయ్యనిది. సరిచూసుకోవడానికని ఒక కాపీ ముందే తీసి పెట్టుకుందట.

"కత్తి జారలేదు కదా నాన్నా?"

నేను మా ఆవిడ వైపు చూసి గొంతు తగ్గించాను. "చూడమ్మా, లోపలి పేజీలకి నువ్వు బ్లీడ్ పెట్టలేదు. తొందరగాడు చూస్తే ఊరుకుంటాడా? అందుకే పొద్దున్నే వెళ్లి ఎవరూ చూడకుండా... పేర్లు తెగుతాయనుకోలేదు. పోనీలే, మాట నా మీదికే వచ్చింది కదా. నువ్వేం భయపడకు."

"అట్ట చూడు నాన్నా."

చూశాను. అట్ట మీద రంగు కోత గుర్తు దాటి బయటి దాకా ఉంది.

"అట్టకి పెట్టినదాన్ని లోపల మర్చిపోతానా?" పేజీ తెరిచి మడత మీద వేలు పెట్టింది. "ఇక్కడ చూడు. పిన్నుల దగ్గర. ఇటు కత్తి పడదు కదా. ఇటు కూడా తెలుపు ఎందుకుంది?"

బొమ్మకి నాలుగు పక్కలా, మడత వైపు కూడా, ఒకే వెడల్పున తెల్ల అంచు. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. ఫొటోకి కట్టిన చట్రంలా ఉంది. పొద్దున నేను మూడు పక్కలే చూశాను. నాలుగో పక్క చూసి ఉంటే కళ్లున్న ఎవడికైనా తెలిసిపోయేది.

"అది నేను పెట్టిన అంచు" అంది. "టీచరుగారి దగ్గర ఫోనుతో తీసిన బొమ్మలే ఉన్నాయి. అసలు కాగితాలు గోడకి అంటించి ఉంటే సున్నాలేసేవాళ్లు చింపేశారట. పిల్లలేమో పేర్లు చిట్టచివర రాశారు. రంగు గీత దాటించి బయటికి లాగుదామంటే అంత బొమ్మ లేదు. లోపలికి కోద్దామంటే పేర్లు. అందుకని బొమ్మల్ని కొంచెం తగ్గించి చుట్టూ తెలుపు వదిలాను. మేనేజరుగారు ఒద్దన్నారు, ఓనరుగారి దగ్గరికెళ్లి కూర్చుని ఒప్పించాను. తేడా వస్తే నీదే పూచీ అన్నారాయన. సరే అన్నాను."

అప్పుడు కూడా నాకు బుద్ధి రాలేదు. "ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాను.

"చెప్పబోయాను కదా నాన్నా."

కుట్టుమెషిను ఆగిపోయింది. మా ఆవిడ పెడలు మీంచి కాళ్లు తీసింది. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిన మాట ఆమెకీ గుర్తొచ్చినట్టుంది.

"నువ్వు ఒక్క మాట అడగాల్సింది" అంది అమ్మాయి. ఏడవలేదు. ఏడిస్తే దగ్గరికి తీసుకునేవాణ్ణి. ఆ వీలు కూడా ఇవ్వలేదు. "ఇప్పుడు ప్రెస్సులో అందరూ నేనే ఏదో చేస్తే నువ్వు కప్పిపుచ్చావనుకుంటున్నారు. రేపు నేను ఫైలు తెరిచి చూపించినా నమ్మరు. మా నాన్నే నమ్మలేదు కదా."

పుస్తకం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మా ఆవిడ చాలాసేపు దారం చుట్టుకుంటూ కూర్చుని అప్పుడంది. "పిల్లని కాపాడాననుకున్నారు, బాగానే ఉంది. ఎవర్నుంచి కాపాడారు?"

మర్నాడు ఓనరు గదిలోకి వెళ్లాను. తొందరగారు అక్కడే ఉన్నాడు. ఉండనీ అనుకున్నాను.

"కత్తి జారలేదండీ. కావాలనే కోశాను. ఆ అంచు మా పిల్ల పొరపాటనుకున్నాను."

ఓనరు కలం కింద పెట్టాడు. "జారిందంటే వయసు మీద పడిందనుకున్నాను కత్తీ. చెయ్యన్నాక వణుకుతుంది, దానికేముంది? మరి ఇదేంటయ్యా? ఆ పిల్ల ఇక్కడే, ఈ కుర్చీలోనే కూర్చుని, గంటసేపు నాతో వాదించి వెళ్లింది. నీతో ఒక్క మాటైనా చెప్పలేదా?"

"చెప్పబోయింది. నేనే విన్లేదు."

"మరి నువ్వు అడగలేదా?" అని నన్నడిగి, తొందరగారి వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పలేదా ఈయనకి?"

"హడావిడిలో... మర్చిపోయాను బావా" అని ఆయన గోడ మీద కేలండర్ చూశాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను గానీ రాలేదు.

బయటికొచ్చి బైండింగు బల్ల దగ్గర అందరూ ఉండగా అదే మాట మళ్లీ చెప్పాను. గదిలో ఒకరికి చెప్పడం వేరు, పదిమంది చేతులు ఆపి చూస్తుండగా చెప్పడం వేరు. చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి.

"ఫైలు సరిగ్గానే ఉంది. మా అమ్మాయి తప్పేం లేదు. తప్పు చేసుంటుందని నేనే అనుకుని కోసేశాను."

నిన్న తండ్రంటే అట్లా ఉండాలి అన్నావిడే, "అయ్యో, అంటే పిల్లని నువ్వే నమ్మలేదా?" అంది. ఆమె దెప్పడానికి అనలేదు. తెలుసుకోవడానికే అడిగింది. నేను తలూపాను.

మా అమ్మాయి డీటీపీ గది గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. "మళ్లీ అచ్చు వెయ్యడానికి ప్లేట్లు పాతవే పనికొస్తాయండీ" అంది, నా వెనకాలే బయటికొచ్చిన ఓనరుతో. "కాగితం ఎంత మిగిలిందో చూసుకుంటే చాలు." అని తిరిగి వెళ్లి కుర్చీలో కూర్చుంది.

పుస్తకాలు ఆలస్యమవుతాయని చెప్పడానికి నన్నే బడికి పంపాడు ఓనరు. శిక్షగా కాదు, ఇంకెవరూ ఖాళీగా లేరు. బడి గోడలన్నీ కొత్త సున్నంతో మెరుస్తున్నాయి. టీచరుగారు ఒక్కరే బల్లలు తుడుచుకుంటున్నారు. కూర్చోమన్నారు. అక్కడ ఉన్నవన్నీ పిల్లల బల్లలే. కూర్చుంటే నా మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. అలా ముడుచుకుని కూర్చునే సంగతంతా చెప్పాను.

"మీరు జారిందన్నప్పుడు నేను నమ్మానండీ" అన్నారామె.

"అబద్ధం చెప్పానండీ."

"ఎందుకండీ?"

మా అమ్మాయి కోసం అనబోయాను. నోటి దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఆమె కుండలోంచి మంచినీళ్లు ముంచి ఇచ్చారు. "ఎండగా ఉంది, తాగి వెళ్లండి" అన్నారు.

రెండోసారి ఆ పుస్తకం కొయ్యడానికి పక్క ప్రెస్సు నుంచి మనిషిని తెచ్చారు. నన్ను అచ్చయిన ఫారాలు మడిచే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నా మెషిను దగ్గర వేరే వీపు కనబడుతుంటే, ఆడవాళ్ల మధ్య కూర్చుని బద్దతో మడతలు రుద్దాను. మా అమ్మాయి ఆ కొత్తతని పక్కన నిలబడి గుర్తులు చూపిస్తోంది. అతను నా కన్నా చిన్నవాడు. "ఇది వదలాలా అమ్మా? ఇటు కూడానా?" అని అడుగుతున్నాడు. అడగడం అతనికి ఏమాత్రం కష్టంగా ఉన్నట్టు లేదు.

కోసిన పుస్తకం ఒకటి చేతులు మారి మా బల్ల మీదికొచ్చింది. తెరిచాను. ఒక్కో బొమ్మ తెల్లటి అంచు మధ్య నిజంగా కిటికీలోంచి చూస్తున్నట్టుంది. కింద పిల్లల పేర్లు కొమ్ములతో, ఒత్తులతో, వంకరటింకరగా నిండుగా ఉన్నాయి. పక్కనున్నావిడ, "ఎంత బాగుందో!" అంది. బాగుందని నేను మా అమ్మాయితో అనాలి. ఆ రోజు సాయంత్రం అందామనుకున్నాను. ఇంటికెళ్లాక ఏ మొహంతో అనాలో తెలియక, యూనిఫారాలకి గుండీలు కుడుతూ కూర్చున్నాను.

పుస్తకాలు బడి తెరిచిన తర్వాతే అందాయి. సీజను అయిపోయింది. నా మెషిను నాకు ఇచ్చేశారు. ఓనరు మళ్లీ "కత్తీ" అని కేకేయడం మొదలెట్టాడు. నేను మాత్రం ఆ పిలుపు విన్నప్పుడల్లా కొంచెం ఆలస్యంగా పలికేవాణ్ణి.

అమ్మాయి మానేసింది. ఊరికి ఆ చివర ఇంకో ప్రెస్సులో చేరింది. ఓనరు ఉండమన్నాడు, జీతం కూడా పెంచుతానన్నాడు. అయినా వినలేదు.

"నా వల్లేనామ్మా?" అని అడిగాను. ఆ మాత్రం అడగడానికి వారం పట్టింది నాకు.

"నీ మీద కోపంతో కాదు నాన్నా" అంది జడ అల్లుకుంటూ. "అక్కడ నేనెవరి కూతుర్నో ఎవరికీ తెలీదు. నా పని నాదిగా ఉంటుంది."

ఆమె ఒక వేళకి, నేనొక వేళకి బయల్దేరేవాళ్లం. మా ఆవిడ రెండుసార్లు గుమ్మం దాకా రావాల్సొచ్చేది. అన్నాల దగ్గర ముగ్గురం కలిసే తినేవాళ్లం. అమ్మాయి వాళ్ల ప్రెస్సు కబుర్లు చెప్పేది, వాళ్లమ్మతో. నేను వినేవాణ్ణి. ఏదైనా పని ఇబ్బంది చెబుతున్నప్పుడు నాకు జవాబు నాలుక చివర ఉండేది. కానీ అడగందే చెప్పకూడదని నీళ్లతో మింగేసేవాణ్ణి. ఆమె అడిగేది కాదు.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం గొడుగు ఆరబెడుతూ, "నాన్నా, రేపు నీకు సెలవు కదా" అంది. "మా ప్రెస్సులో కోసే మనిషికి జ్వరం. అర్జెంటు పని ఉంది. వస్తావా?"

మా ఆవిడ చేతిలో కత్తెర గాల్లోనే ఆగింది. నేను వస్తానన్నాను.

చిన్న ప్రెస్సు. మెషిను మా దాని కన్నా పాతది. అమ్మాయి కాగితం బల్ల మీద పరిచి చూపించింది. "ఇది కోత గీత. ఈ పక్క రంగు బయటికి పోయింది చూడు, బ్లీడ్, అది పోవాలి. ఇటు తెలుపు ఉంచాలి."

"ఇదీ ఉంచాలా?" అని అడిగాను.

"ఊఁ, అదీ."

"ఈ మూల?"

"అక్కడ గీత మీదికే."

ఒక్కోటీ అడిగాను. ఒక్కోటీ చెప్పింది. విసుక్కోలేదు.

ఇంతలో వాళ్ల ఓనరు వచ్చాడు. నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవరమ్మా ఈయన? పని తెలిసినాయనేనా? ఈ కాగితం ఇంక దొరకదు, పాడైతే చేసేదేం లేదు."

"మా నాన్నండీ" అంది మా అమ్మాయి. "ఈయన చేతికిచ్చాక మళ్లీ చూసుకోనక్కర్లేదు."

ఒక్క క్షణం కూడా తడుముకోకుండా అంది. అని, నిలబడి చూడకుండా, తన గదిలోకి వెళ్లి పనిలో కూర్చుంది. ఓనరు సరేనని తలూపి వెళ్లిపోయాడు. నేను కాగితాల దొంతర అంచులు సమంగా తట్టుకుంటూ, అవి సమమైపోయాక కూడా తట్టుకుంటూ, తలెత్తలేక అక్కడే నిలబడిపోయాను.